ఉయ్యాలలో పెట్రోలు టాంకీ

చలపతిరావుగారి మోటారుబోటును బాగుచెయ్యడానికి వరదానం పైడిలంకకు రావడం అది మూడోసారి.

మొదటిసారి భాద్రపదంలో వచ్చాడు. ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో విప్పి ఎండబెట్టాడు, ప్లగ్గులు గీకి శుభ్రం చేశాడు, "ఇంక దీనికి భయం లేదండి" అని గట్టిగా చెప్పి మరీ వెళ్ళాడు. బోటు నాలుగు రోజులు తిరిగి ఐదోనాడు కొల్లేటి మధ్యలో ఆగిపోయింది. దసరా వెళ్ళాక మళ్ళీ వచ్చి కార్బొరేటరును ముక్కముక్కా విప్పి, కడిగి, బిగించాడు. వెళ్ళేటప్పుడు వెనకటి మాట మళ్ళీ అనడానికి నోరు రాలేదు. "తిప్పి చూడండి మరి" అని మాత్రం అన్నాడు. ఆసారి బోటు మూడు రోజులే తిరిగింది.

వరదానం తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లుకు ఇంజను డ్రైవరు. నలభై రెండేళ్ళవాడు. గేటు బయట నిలబడి చప్పుడు వింటే చాలు, లోపల ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడని చుట్టుపక్కల మిల్లులవాళ్ళు అనుకునేవారు. తణుకు నుంచి కూడా అతని కోసం బండి కట్టుకుని వచ్చేవారు. అంతటివాడు ఓ పాత బోటు దగ్గర రెండుసార్లు ఓడిపోయాడు. కార్తీకంలో చలపతిరావుగారి దగ్గర్నుంచి ఇంకో కార్డు వచ్చేసరికి, దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

భార్య సలోమి సంగతి కనిపెట్టింది. "ఈసారి నేనూ వస్తానండి," అంది.

"నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"ఏమో మరి. రెండుసార్లూ మీరు ఒక్కరే వెళ్ళారు కదండీ."

సోమవారం తెల్లవారుతూనే ఇద్దరూ రైలెక్కి ఏలూరులో దిగారు. అక్కణ్ణించి పెదపాడు దాకా ఎద్దుబండి, ఆ తర్వాత తాటిదోనె. కిక్కిస పొదల మధ్య దోనె సన్నగా జారిపోతుంటే సలోమి గూడబాతుల్ని లెక్కపెడుతూ కూర్చుంది. వరదానం మాత్రం కార్డులో రాసిన సంగతే తలుచుకుంటున్నాడు.

ఏలూరులో ఒక ఆస్పత్రికి కొత్తగా సరోజ అనే డాక్టరమ్మ వచ్చింది. లంకల్లో జబ్బుపడ్డవాళ్ళు దోనెకు గెడ వేసుకుంటూ ఏలూరు చేరేసరికి పొద్దు గూకిపోతుంది. కొందరు బయలుదేరడమే మానేస్తారు. అందుకని ఆవిడే ప్రతి మంగళవారం లంకలకు రావాలనుకుంది. చలపతిరావుగారు తన బోటు ఇస్తానన్నారు. ఆవిడ ఒకే మాట అడిగిందట: "శుక్రవారం పొద్దున్నే ఏలూరు రేవుకు రండి. నన్ను మీ లంకకు తీసుకువెళ్ళి సాయంత్రానికి దింపండి. దారిలో ఎక్కడా ఆగకపోతే ప్రతి మంగళవారం వస్తాను. ఆగిందంటే, అక్కడ నాకోసం కాచుక్కూచునే రోగులకు నేనేం చెప్పుకోను?"

చలపతిరావుగారు పైడిలంకలో పెద్ద రైతు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఎవరో దొర దగ్గర కిందటేడు రాజమండ్రిలో ఆ బోటు కొన్నారు. అప్పటికే దానికి పదిహేనేళ్ళు. ఊళ్ళో అందరికీ పనికొస్తుందని ఆయన సంబరం. కొన్నప్పటి నుంచీ ఆ సంబరానికి ఎవరో ఒకరు నవ్వుతూనే ఉన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వేది ఆయన బావ జగ్గారావుగారు. ఆయనది ముదినేపల్లి. వరికోతలకు ఇంకా నెల ఉందంటే చాలు, గాలం పట్టుకుని అత్తవారింటికి వచ్చేస్తారు.

దోనె రేవుకు చేరేసరికి ఆయనే ఎదురుగా గట్టు మీద గాలం వేసుకుని ఉన్నారు.

"వచ్చావా వరదానం. ఈసారి కుటుంబంతో వచ్చావే. ఇక్కడే కాపురం పెట్టేస్తావా ఏం?"

"మీరు స్థలం చూపిస్తే పెడతానండి," అన్నాడు వరదానం. నవ్వుతూనే అన్నాడు గాని చెవులు ఎర్రబడ్డాయి.

* * *

అన్నాలయ్యాక బోటు తీశారు. బోటుకు డ్రైవరు ఇంకా కుదరలేదు, చలపతిరావుగారే చుక్కాని పట్టుకున్నారు. వరదానం ఇంజను పక్కన, సలోమి ముందువైపు బల్ల మీద కూర్చున్నారు. ఆ బల్ల కిందే పెట్రోలు టాంకీ. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. చేపలకు వేసిన మావులు దాటారు, తూటితీగ దాటారు, కోటదిబ్బ కనిపించే చోటుకు వచ్చారు. పావుగంట అయి ఉంటుంది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి నిట్టూర్చి ఆగిపోయింది.

"ఇదిగో, ఇక్కడే," అన్నారు చలపతిరావుగారు. "ఎప్పుడూ ఇంచుమించు ఇక్కడే. ఊళ్ళోవాళ్ళు ఈ చోటికి బోటుమడుగని పేరు కూడా పెట్టారు."

వరదానం స్పానరు అందుకుని ప్లగ్గు మీదికి వంగాడు.

"మళ్ళీ దాన్నే విప్పుతారాండీ?" అంది సలోమి.

"మరేం విప్పమంటావు?"

"నాకేం తెలుసండి. మనిషి నీరసంతో కూలబడితే కాళ్ళు పట్టుకుని చూడరు కదా. ముందు అన్నం తిన్నాడో లేదో అడుగుతారు."

చలపతిరావుగారి ముందు ఆ మాట అనడం వరదానానికి నచ్చలేదు. అయినా చెయ్యి ఆగింది. మిల్లులో ఇంజనుకు నూనె అందించే డ్రమ్ము వేరేవాడి పని. ఇరవయ్యేళ్ళలో అతను దాని మూత తీసి చూసింది లేదు. ఇక్కడ రెండుసార్లు వచ్చి కూడా టాంకీ వైపు కన్నెత్తి చూడలేదు. స్పానరు మార్చి, టాంకీ నుంచి వచ్చే రాగి పైపును ఇంజను దగ్గర ఊడదీశాడు. పైపు చివర పెట్రోలు బొట్టు, కాసేపటికి ఇంకో బొట్టు. కిందికి ఒక గిన్నె పెట్టి ఊరుకున్నాడు. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే పైపులోంచి పెట్రోలు సర్రున ధార కట్టింది.

వరదానం పైపుకు వేలు అడ్డం పెట్టాడు. తర్వాత పైపును నోట పెట్టుకుని ఊదాడు. బల్ల కింద గుడగుడమంది.

"రావుగారండీ, ఇంజనుకు జబ్బేం లేదండి," అన్నాడు. "టాంకీలో ఏదో ఉంది. ఇంజను పెట్రోలు లాగుతుంటే అది కూడా కొట్టుకొచ్చి కన్నానికి అడ్డం పడుతోంది. ఇంజను ఆగితే మెల్లిగా పక్కకి పోతోంది. నేను వచ్చినప్పుడల్లా రెండేసి రోజులు బోటు కట్టేసి ఉంచేవాణ్ణి. అది ఏ మూలకో వెళ్ళి పడుకునేది. అందుకే మీకు మూడు రోజులో నాలుగు రోజులో బాగా తిరిగేది. తప్పు నాదేనండి. మొదటే చూడవలసింది."

"తప్పుల సంగతి తర్వాత చూద్దాం. శుక్రవారానికి అవుతుందా?"

"ఆయ్, అవుతుందండి," అన్నాడు వరదానం. అతని గొంతులో పాత ధీమా చాలా రోజులకు వినిపించిందని సలోమి అనుకుంది.

* * *

మంగళవారం పొద్దున్నే బల్ల చెక్కలు ఊడదీసి టాంకీని రేవు గట్టు మీదికి చేర్చారు. ఇనపరేకు టాంకీ, ఈడొచ్చిన దూడంత ఉంది. పైన చెయ్యి దూరని చిన్న కన్నం, దానికి మరమూత. ఉన్న పెట్రోలంతా కిరసనాయిలు డబ్బాల్లోకి వంచారు. అది డికాషను రంగులో దిగింది. వెనకాలే తుప్పు పొట్టు, నల్లటి జిగురు, చివర నాలుగు చెంబుల నీళ్ళు.

ఇంతలో జగ్గారావుగారు నోట్లో చుట్టతో వచ్చి టాంకీ మీదికి వంగబోయారు. వరదానం రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అయ్యగారూ, మీ పుణ్యం ఉంటుంది, చుట్ట నీళ్ళలో పారెయ్యండి. టాంకీ ఖాళీ అయినా దీని ఆవిరి చాలండి, మనమంతా కోటదిబ్బ మీద పడతాం."

జగ్గారావుగారు చుట్ట కొల్లేట్లోకి విసిరేసి, పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. లోపలికి చూడడానికి ఎవరో లాంతరు తెస్తే వరదానం దాన్నీ వెనక్కి పంపించి, ఇంట్లోంచి అద్దం తెప్పించాడు. సలోమి ఎండకు అద్దం పట్టి ఆ వెలుగును కన్నంలోకి పంపింది. అతను ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. అడుగున ఏదో ఎర్రగా, తడిసి ముద్దగా పడి ఉంది.

తీగ వంచి లాగుదామంటే జారిపోతోంది. పావుగంట అవస్థపడ్డాడు.

"అలా రాదు," అన్నారు వెనకనుంచి జగ్గారావుగారు. "పట్టేవాడు పట్టాలి." గాలంతాడు కర్ర నుంచి విప్పి, కొక్కేనికి పైన సీసం గుండు బిగించి, కన్నంలోకి దింపారు. కళ్ళు సగం మూసుకుని, చేప కొరికేదాకా కాచుకున్నట్టే కాచుకుని, ఒక్క గుంజు గుంజారు. మూరెడు ఎర్రగుడ్డ బయటికి వచ్చింది.

"ఇదేం చేప చలపతీ? మీ కొల్లేట్లో మునుపు చూళ్ళేదు."

మళ్ళీ దింపారు. ఇంకో ముక్క వచ్చింది. మూడోసారి కూడా వచ్చింది. గట్టు మీద చేరిన జనం ఒకటే నవ్వు. చలపతిరావుగారికి మాత్రం నవ్వు రాలేదు. మూడు గుడ్డముక్కలూ చేతిలోకి తీసుకుని పిండి చూశారు.

"ఇది ఎవడో గిట్టనివాడు చేసిన పని. మూడు నెలల నుంచి నన్ను ఊరంతటి ముందూ నవ్వులపాలు చేశాడు. వాడెవడో తెలిస్తే ఈ తాడుతోనే కట్టి నీళ్ళలో ముంచుతాను."

వరదానం తల ఎత్తాడు. గట్టు పైన కంచె మీద ఎర్రచీర ఒకటి ఆరేసి ఉంది. నల్లంచు, అంచు పక్కన సన్నటి పసుప్పచ్చ గళ్ళు. ముక్కల మీద పెట్రోలు మరకల కిందనుంచి అవే గళ్ళు కనిపిస్తున్నాయి. కంచె పక్కన చలపతిరావుగారి తల్లి అచ్చమ్మగారు నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళు ఆ గుడ్డల మీదే ఉన్నాయి.

వరదానానికి రెండు నెలలుగా పడ్డ అవమానం ఒక్కసారి గుర్తుకొచ్చింది. ఒక్కమాట అంటే చాలు, తన పేరు నిలబడుతుంది. కాని ఆ ముసలావిడను చూస్తూ ఆ మాట అనలేకపోయాడు.

"ఇవి దొర నాటివి అయ్యుంటాయి లెండి," అన్నాడు. "ఎప్పుడో ఇంజను తుడిచి పడేసినవి."

"దొరలు గళ్ళచీరలు కడతారటోయ్?"

వరదానం ఇంకేదో చెప్పబోతుండగా అచ్చమ్మగారు మెల్లిగా గట్టు దిగి వచ్చింది. "అబద్ధం నీకెందుకు నాయనా," అంది అతనితో. కొడుకు వైపు తిరిగి, "అవి నా చీరముక్కలే అబ్బాయ్," అంది.

జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ దగ్గరికి జరిగారు.

"శ్రావణంలో దీని మూత నువ్వే నీళ్ళలో పారేసుకున్నావు. జ్ఞాపకముందా? కొత్త మూత వచ్చేదాకా పది రోజులు కన్నం అలాగే ఉంది. ఆ పది రోజులూ వాన. నీళ్ళు లోపలికి పోతున్నాయని నేనే పాతచీర ముక్క చింపి బిరడా పెట్టాను. తెల్లారి చూస్తే లేదు. ఎలకో కాకో పట్టుకుపోయిందనుకుని ఇంకోటి పెట్టాను. అదీ పోయింది. మూడోది కాస్త పెద్దగానే పెట్టాను. లోపలికి జారిపోతాయని నాకేం తెలుసు? నీకు చెబుదామనే అనుకున్నాను. బోటు సంగతి నీకేం తెలుసమ్మా అంటావని ఊరుకున్నాను."

చలపతిరావుగారు చేతిలో గుడ్డముక్కల్నీ, తల్లి మొహాన్నీ మార్చి మార్చి చూశారు.

"తాడు ఇమ్మంటావా చలపతీ?" అన్నారు జగ్గారావుగారు.

ముందుగా నవ్వింది చలపతిరావుగారే. నవ్వి నవ్వి గట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. "నేను అలా అనేవాణ్ణే అమ్మా. తప్పకుండా అనేవాణ్ణి," అన్నారు. అచ్చమ్మగారికి అప్పుడు ఊపిరాడింది. కొడుకును వదిలేసి వరదానం దగ్గరకు వెళ్ళి, "పాడు చేసినదాన్ని నేను. బాగుచెయ్యడంలో నా వంతు పనేదో చెప్పు నాయనా," అంది.

* * *

అసలు పని అప్పటికి మొదలైంది. గుడ్డలు వచ్చేసినా టాంకీ లోపలి గోడలకు తుప్పు పట్టి ఉంది. దాని మీద పాత పెట్రోలు తుమ్మజిగురులా అంటుకుని ఉంది. అది రేపో ఎల్లుండో రాలి మళ్ళీ పైపులోకి పోతుంది. చెయ్యి దూరదు, బ్రష్షు తిరగదు.

"ఆస్పత్రిలో మందుసీసాలకు మేం నూకలు వాడేవాళ్ళమండి," అంది సలోమి. పెళ్ళికి ముందు ఆమె ఏలూరులోనే ఒక ఆస్పత్రి మందుల గదిలో ఆరేళ్ళు పనిచేసింది. "వేడినీళ్ళలో చాకలిసోడా కలిపి, గుప్పెడు నూకలు వేసి ఊపితే ఎంత మొండి మడ్డైనా వదిలేది."

"నూకలకు తుప్పు లొంగదు," అన్నాడు వరదానం. అని, కొంచెం ఆలోచించి, "సోడానీళ్ళు మంచివే. నూకల బదులు గొలుసు వేద్దాం," అన్నాడు.

పెట్రోలు వాసన తగ్గేదాకా టాంకీని మంచినీళ్ళతో నాలుగుసార్లు తొలిచారు. పెరట్లో కాగుతో నీళ్ళు కాచి, సోడా కలిపి, మోసుకొచ్చి పోశారు. పశువుల్ని కట్టే సన్నగొలుసులు మూడు లోపలికి వదిలి మూత బిగించారు. వరదానం ఒకవైపు, పాలేరు ఒకవైపు పట్టుకుని ఊపారు. ఇరవై ఊపులకు పాలేరు చేతులు పడిపోయాయి, ముప్ఫైకి వరదానం నడుం పట్టేసింది. చలపతిరావుగారు వచ్చి పట్టుకుంటే పదిహేనుకే టాంకీ కాలి మీద పడబోయింది.

ఇదంతా చూస్తున్న అచ్చమ్మగారు, "ఊపడం మీ మగాళ్ళకు చేతనైతేగా," అంది. "దీన్ని తీసుకెళ్ళి పశువులపాకలో దూలానికి కట్టండి. రెండువైపులా తాడు, కింద గోనె. ఎనిమిదిమంది పిల్లల్ని ఊపిన చెయ్యి నాది."

టాంకీని ఉయ్యాల కట్టారు. అచ్చమ్మగారు పీట వేసుకుని కూర్చుని తాడు పట్టుకుంది. అంత బరువూ ఒక్క వేలికి లొంగినట్టు అటూ ఇటూ పోవడం మొదలుపెట్టింది. లోపల గొలుసులు గలగలమని ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తాయి. చప్పుడు విని పక్కిళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు నవ్వారు, నవ్వినవాళ్ళు తాడు పట్టుకున్నారు. ఎవరో జోలపాట ఎత్తుకున్నారు. సలోమికి ఆ పాట రాదు. ఆమె తమ గుళ్ళో పాడే పాటొకటి అదే వరసలో కలిపింది.

గంటకోసారి వరదానం మూత తీసి నీళ్ళు వంచేవాడు. మొదటి నీళ్ళు తారులా నల్లగా వచ్చాయి. రెండోవి ఇటుకపొడిలా ఎర్రగా. ప్రతిసారీ ఆడవాళ్ళంతా చుట్టూ చేరి రంగు చూసి, "ఇంకా తేరలేదు" అని తీర్పు చెప్పి మళ్ళీ ఉయ్యాల ఎక్కించేవారు.

"బిడ్డకు పేరేం పెట్టారత్తయ్యగారూ?" అన్నారు జగ్గారావుగారు గుమ్మంలోంచి.

"పేరు తర్వాత. ముందు మీరు వచ్చి నాలుగు ఊపులు ఊపండి," అంది అచ్చమ్మగారు.

అల్లుడుగారు కాదనలేకపోయారు. పావుగంట ఊపి, గాలం పట్టుకోవడానికి కూడా వేళ్ళు ముడుచుకోవడం లేదంటూ వెళ్ళారు.

వెనకటి రెండుసార్లూ వరదానానికి భోజనం పాలేరు చేత రేవులోని పాకకు పంపించేవారు. అతనూ అంతకు మించి ఆశించలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం అచ్చమ్మగారు మట్టగిడసల పులుసు గిన్నె తనే పట్టుకొచ్చింది. పశువులపాకలో వాళ్ళిద్దరికీ విస్తళ్ళు వేసింది. వాటి పక్కనే మూడో విస్తరి తనకు వేసుకుని కూర్చుంది. పక్కింటావిడ ఒకామె చూసి ఏదో అనబోయింది. "ఉయ్యాల వదిలి ఎక్కడికెళ్ళను?" అంది అచ్చమ్మగారు, ముద్ద కలుపుకుంటూ. సలోమి తల వంచుకుని తింది గాని ఆ పులుసు రుచి ఏళ్ళ తరబడి చెప్పుకుంటూనే ఉండేది.

బుధవారం మధ్యాహ్నం ఏడో విడత నీళ్ళు కొల్లేటి నీళ్ళకంటే తేటగా దిగాయి. అద్దం పట్టి చూస్తే లోపల ఇనుము కొత్తగా మెరుస్తోంది. బోర్లించి ఎండలో పెట్టారు. మళ్ళీ తుప్పు పట్టకుండా చెంబెడు పెట్రోలు పోసి తొలిచారు. డబ్బాల్లో తీసిపెట్టిన పెట్రోలును సలోమి కదపకుండా రెండు రోజులు ఉంచింది. నీళ్ళూ మడ్డీ అడుక్కి దిగాక, పైన తేరినదాన్ని మాత్రం మందు వంచినట్టు వంచుకుంది. వడకట్టడానికి చలపతిరావుగారు తన ఖద్దరు ఉత్తరీయం ఇచ్చారు. తర్వాత దాన్ని ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ వాసన వదల్లేదు. అయినా ఆయన సభలకు అదే వేసుకుని వెళ్ళేవారు.

వరదానం పైపు మొదట్లో ఇత్తడి జల్లెడ ముక్క ఒకటి బిగించాడు. ఇంక నీటిచుక్క కూడా లోపలికి పోకూడదని మూత కింద తోలుబిళ్ళ కత్తిరించి వేశాడు.

గురువారం పొద్దున్న బోటు తీశారు. బోటుమడుగు దాటింది. చలపతిరావుగారు ఒక్క కేక పెట్టారు. అరగంట నడిచింది, ముప్పావుగంట నడిచింది. అంతలో దగ్గి ఆగిపోయింది.

చలపతిరావుగారు చుక్కాని వదిలేసి నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు. వరదానం చెయ్యి అలవాటుగా స్పానరు మీదికి వెళ్ళింది. వెళ్ళి, ఆగింది. అతను లేచి ముందుకు వెళ్ళి టాంకీ పక్కన బోర్లా పడుకుని చెవి ఆనించాడు. ఏ చప్పుడూ లేదు. మూత మీద చెయ్యి వేసి తిప్పాడు. అర చుట్టు తిరగగానే మూత ఉస్సుమని గాలి పీల్చుకుంది. వెంటనే పైపు వైపు గళగళమని పెట్రోలు దిగిన చప్పుడు వినిపించింది.

వరదానం అలా పడుకునే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమైందండీ?" అంది సలోమి కంగారుగా.

"మూత మరీ గట్టిగా వేశాను. తోలుబిళ్ళతో గాలికన్నం మూసుకుపోయింది. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు కిందికెలా దిగుతుంది?"

"కొబ్బరిబోండానికి ఒక్క కన్నమే పొడిచినట్టు," అంది సలోమి.

మేకు తీసుకుని తోలుబిళ్ళలో సన్నగా ఒక కన్నం పొడిచాడు. ఆ తర్వాత వాళ్ళు కొల్లేరంతా చుట్టి, ఆకివీడు వైపు పోయే పడవల్ని పలకరించి, ఎండ నడినెత్తికి వచ్చాక రేవుకు చేరారు. ఇంజను మళ్ళీ పేచీ పెట్టలేదు.

* * *

శుక్రవారం డాక్టరు సరోజ ఏలూరు రేవులో బోటెక్కింది. ఇరవై ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. కళ్ళజోడు, తెల్లచీర, చేతికి గడియారం. కూర్చుంటూనే గడియారం చూసుకుంది. కాలవ దాటి కొల్లేట్లోకి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చూసుకుంటూనే ఉంది. చలపతిరావుగారు ఉండబట్టలేక, మూడు నెలల కథా, మూడు గుడ్డముక్కల కథా అంతా చెప్పేశారు. చెబుతుండగానే బోటుమడుగు వెనక్కి పోయింది. డాక్టరమ్మ గడియారం సంగతి మరిచిపోయి కళ్ళజోడు తీసి నవ్వింది.

పైడిలంక రేవులో అప్పటికే ముప్ఫైమంది కూర్చుని ఉన్నారు. చలపతిరావుగారి అరుగు మీదే బల్ల వేశారు. డాక్టరమ్మ చూడగలుగుతోంది గాని, సీసాలు తియ్యడం, మందు కొలవడం, ఎవరిది ఎవరికో చెప్పడం ఒక్కమనిషి వల్ల కావడం లేదు. పదిమందిని చూసేసరికే పొద్దెక్కింది. సలోమి కాసేపు చూసింది. చేతులు కడుక్కుని వెళ్ళి బల్ల పక్కన నిలబడి, "చీటీ నాకివ్వండమ్మా, నేను పోస్తాను," అంది. కొలగ్లాసు కంటికి ఎదురుగా పట్టుకుని గీత దాకా పోసి చూపించింది. డాక్టరమ్మ గీత చూసింది, సలోమి మొహం చూసింది. ఇంకేమీ అడగకుండా తర్వాతి చీటీ అందించింది. అచ్చమ్మగారి మోకాళ్ళకు తైలం ఇచ్చేసరికి మూడున్నర. అందరికీ మందు అందింది.

తిరుగు ప్రయాణంలో డాక్టరమ్మ చలపతిరావుగారితో, "మంగళవారాలు ఖాయమండి. కాని ఒక్క షరతు. ఈవిడ నాకు కావాలి," అంది. సలోమి వైపు తిరిగి, "ఆస్పత్రిలోనే పని ఇప్పిస్తాను. వస్తారా?" అని అడిగింది.

సలోమి భర్త వైపు చూసింది. వరదానం ఇంజను మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉన్నాడు. మిల్లు గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్ళు ఒకేచోట నిలబడి తిరిగిన ఆ పెద్ద ఇంజను గుర్తొచ్చింది. చుట్టూ చూశాడు. సాయంత్రపు ఎండలో నీళ్ళ మీద గూడబాతులు బారులు తీరి దిగుతున్నాయి.

"నాకేసి చూస్తావేమిటి? నిన్నే కదా అడుగుతున్నారు," అన్నాడు.

"వస్తానండి," అంది సలోమి డాక్టరమ్మతో.

"అయితే రావుగారండీ," అన్నాడు వరదానం, "మీ బోటుకు డ్రైవరు ఇంకా కుదరలేదన్నారు కదా."

చలపతిరావుగారు చుక్కాని పట్టుకునే అతని వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచారు.

మిల్లు యజమాని నెల రోజులు ఆగమన్నాడు. ఆ నెలా వరదానం సోమవారం రాత్రి బండికి ఏలూరు వచ్చి, మంగళవారం బోటు నడిపి వెళ్ళేవాడు. పుష్యమాసంలో ఏలూరు కాలవగట్టున చిన్నయిల్లు ఒకటి అద్దెకు తీసుకున్నారు. సామాను రెండు బళ్ళకు సరిపోయింది. మర్నాడే మంగళవారం. సలోమి మందులపెట్టె ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. డాక్టరమ్మ గొడుగు మడిచి పక్కన సర్దుకుంది. వరదానం మూత తీసి, లోపలికి ఓసారి తొంగిచూసి, బిగించి, ఇంజను తిప్పాడు. బోటు కాలవ మలుపు తిరిగి కొల్లేటి దారి పట్టింది.